మూడు చెవులు

మారిబోర్‌లో ద్రావా నది వంతెన దిగగానే
ఎడమచేతి వైపు మూడో కొట్టు మాది.
బూట్లకు మడమలు వేస్తాం, తాళంచెవులు చేస్తాం.
ఇక్కడ "మేము" అంటే ఎవరూ తలెత్తి చూడరు,
కొట్టు మాట అనుకుంటారు.
"సాయంత్రానికి చేసిపెడతాం" అంటే
వెనక ఇంకో పనివాడెవరో ఉన్నాడనుకుని
తలూపి వెళ్లిపోతారు.
ఊరు మొత్తంలో మేము ఉన్నదున్నట్టు మాట్లాడేది
ఈ నాలుగడుగుల బల్ల వెనకే.

కార్డు మీద పేరు ఒకటే, జాల్కా హ్రిబెర్నిక్.
ముఖం ఒకటే. జలుబు చేస్తే అందరికీ కలిపి ఒకటే.
లోపల జాల్కా ఉంది, ఓటో ఉన్నాడు,
ఆలస్యంగా వచ్చిన మీట్సి ఉంది,
ఏడేళ్ల దగ్గర ఆగింది, ఇక పెరగనంటుంది.
ఎవరూ పూనలేదు, ఎవరూ వేషం కట్టలేదు.
ఒక కొంపలో ముగ్గురుంటే
వంతులేసుకోరూ? అంతే.

ఈ దేశపు భాషలో ఇద్దరికని విడిగా ఒక వచనం ఉంది.
ప్రేమించుకునేవాళ్లు వాడతారు,
పడవలో ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు వాడతారు.
చిన్నప్పుడు జాల్కా, ఓటో అందులోనే కాపురమున్నారు,
దుప్పటి కింద, గుసగుసగా.
ఒకసారి బడిలో నోరు జారింది:
"మేమిద్దరం చేశాం ఈ లెక్క."
టీచరు పక్క సీటు పిల్లను కూడా నిలబెట్టింది,
చూసి రాసిందని.
ఆ పిల్ల ఏడుపు ఇప్పటికీ మా ఖాతాలో బాకీ.

ఫ్రిజ్ తలుపు మీద చీటీలో మూడు దస్తూరీలు.
పాలు, సన్న ఆకురాయి.
ఓటో, బురద బూట్లతో లోపలికి రాకు.
దాని కింద వంకర అక్షరాల్లో: చాక్లెట్, పెద్దది.
మిఠాయి కొట్టామె కేకు కట్టిస్తూ
"ఎందరికి?" అంటుంది.
ముగ్గురికంటే మూడు చెక్క ఫోర్కులు వేస్తుంది.
మూడూ కడిగి ఆరబెడతాం.

ఆసుపత్రిలో మాత్రం,
"వెంట ఎవరైనా వచ్చారా?" అని నర్సు అడిగితే
"లేదు" అంది జాల్కా.
ఆ రాత్రి లోపల ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

మొన్న గురువారం విన్కో జెల్నికర్ వచ్చాడు,
రైల్వేలో సిగ్నళ్లు చూసి రిటైరైన మనిషి,
జేబులో వేడి చెస్ట్‌నట్ కాయల పొట్లం.
నేలమాళిగ తాళంచెవి బల్ల మీద పెట్టి,
ఆకురాయి పట్టిన మా చేతిని చూస్తూ నిలబడ్డాడు.
"పోయిన నెల ఎడమచేత్తో చేశారు.
ఆ చెవి నా గడిలో వెన్నలా తిరిగింది.
ఇవాళ కుడి."
మేమేమీ అనలేదు. మిషను దానంతటది గిరగిర తిరుగుతోంది.
"ఆయన ఉన్నాడా?"

ఎన్ని అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయో నాలిక మీద!
అన్నీ నీట్‌గా కోసిపెట్టుకున్నవే,
ఏ తలుపుకైనా పట్టేవి.
మిషను ఆపింది జాల్కా.
"ఉన్నాడు."

"పిలువు. నాకు తొందరేం లేదు."
స్టూలు లాక్కుని కూర్చున్నాడు, కాయలు ఒలుచుకుంటూ,
రాని బండి కోసం ఏళ్లకేళ్లు చూసినవాడికి
ఇదేపాటి?

కొంతసేపటికి ఆకురాయి ఎడమచేతికి మారింది.
భుజాలు కాస్త దిగాయి. ఓటో ఈల వేస్తాడు, పనిలో.
ముసలాయన ఆ ఈలకు కాలితో తాళం వేశాడు,
ఏమీ అడగలేదు. ఒక కాయ ఒలిచి బల్ల మీద పెట్టాడు.
కాసేపాగి, పక్కన ఇంకోటి.

డబ్బిచ్చి, టోపీ తీసి,
సెలవు తీసుకున్నాడు ఇద్దరికి చెప్పే వచనంలో.

తలుపు మీద గంట మోగి ఆగింది.
నోట్లో చెస్ట్‌నట్ ఇంకా వెచ్చగా ఉంది.
లోపల ఒక మూల నుంచి చిన్న గొంతు, అలిగి:
"మరి నేను?"

ఊరుకో మీట్సీ,
మడమలు వేయమని బూట్లు వదిలి వెళ్లాడు, రేపొస్తాడు.
మనం చెబుదాం.