కాయ

మెట్లు పద్దెనిమిదట.
నేను లెక్కపెట్టలే, ఈరమ్మ చెప్పింది.
లేబర్ ఆఫీసు పైన, నేను కింద
ట్రాలీ ఆటోల, రెండు బొంతల నడుమ.
నల్లగొండ ఎండ కాళ్లమీదికొచ్చింది.
వచ్చిందని చూస్తేనే తెలిసింది నాకు.

ప్రశ్న పైనుంచి దిగుతది.
జవాబు ఈరమ్మ చెప్పులేసుకొని ఎక్కుతది.
"మిల్లుల పనిచేసినవనడానికి రుజువేంది?"

మస్టర్‌ల నా పేరు లేదంటున్నడు సేటు.
నిజమే సారూ, యాడుంటది?
మిర్యాలగూడ మిల్లుల మా పేర్లు రాయరు,
బస్తాలు రాస్తరు.
గోడమీద బొగ్గుతోటి నాలుగు నిలువు గీతలు,
వాటిమీద అడ్డంగ ఒకటి.
అదే నా సంతకం.
నేను పడ్డ నాలుగో రోజుకే
గోడకు సున్నమేసిన్రు.

పడ్డనంటే, నేను పడలే.
నెట్టు పడ్డది.
యాసంగి వడ్లు, ఇరవై రెండు వరుసలు,
అడుగున తడిసిన బస్తా ఒకటి కుంగింది.
ముందు దుమ్ము, తర్వాత చప్పుడు,
ఆ తర్వాత మేస్త్రీ ఇద్దయ్య గొంతు:
"ఎవడురా కింద?"
నేనే అందామనుకున్న. నోట్లె వడ్లు.

హైదరాబాద్ డాక్టరు ఫోటోను వెలుగుకు పట్టి
"పన్నెండో పూస" అన్నడు.
మా ముఠాల కూడ పన్నెండు మందిమే.
సాక్షికి ఒక్కడు రాలే.
తప్పు పట్ట, తెల్లారితే వాళ్లకూ అదే గేటు.
బిహారు పిలగాడు రామ్‌సూరత్ మాత్రం
ఒకనాడు ఇంటికొచ్చిండు,
నిలబడే చాయ తాగిండు,
ఈరమ్మ చేతుల ఆరువందలు పెట్టి
సాక్ష్యం మాట ఎత్తకముందే పోయిండు.

ఇన్సూరెన్స్ వకీలు మంచిగ మాట్లాడుతడు:
"నడుము కిందనే గదా. చేతులు బాగనే ఉన్నయి.
కూసోని చేసే పని ఏదన్న చేసుకోవచ్చు."
కూసునుడే పని సారూ.
ఎనక నుంచి ఈరమ్మ మోకాలు ఆనిస్తే
ఏడు నిమిషాలు కూసుంట.

వయసుకు ఒక అంకె ఉందట.
కూలికి ఒకటి.
డాక్టరు రాసిచ్చిన నూటికి ఎనభైకి ఇంకొకటి.
అన్ని కలిపి గుణిస్తే నేనొస్తనట.
పైపుకు, సంచికి, పిరుదుల మీది పుండుకు,
రాత్రి రెండింటికి లేచి నన్ను అటు తిప్పి పండబెట్టే
ఈరమ్మ నిద్రకు
అంకె లేదట. అడిగొచ్చింది.

రుజువు నా మెడమీద ఉన్నది సారూ.
పదహారేండ్లు బస్తా ఒక్కచోటనే కూసుంటే
కాసిన కాయ.
చింతగింజ లెక్క నలుపు,
ఎద్దు మూపు లెక్క గట్టి.
మరదలి పెండ్లికి కొత్త అంగి తొడిగితే
కాలరు అక్కడ నిలవకపోయేది,
ఫోటోల అందరూ నవ్విన్రు.
పైకెక్కగలిగితే నేనే వచ్చి చూపెడుదును.
మీరు దిగొస్తే చూపెడత.

కానీ జల్ది రండి.
వాయిదాలు తొమ్మిదాయె.
మోత లేని మెడ మెత్తబడుతున్నది.
రాత్రి ఈరమ్మ వేలుతోటి తడిమి
"చిన్నగైందయ్యా" అన్నది.
ఏ ఇంట్లనన్న కాయ కరిగితే సంతోషపడ్తరు.
మేమిద్దరం చానాసేపు మాట్లాడలే.
ఇంకో ఏడాదికి నున్నగైతది.
అప్పుడు సేటు చెప్పిందే నిజమైతది.

ఈరమ్మ మెట్లు దిగుతున్నది.
నడక చూస్తేనే తెలిసింది,
పదో తారీఖు ఇచ్చిన్రు.
"ఎదురుచూసి ఎదురుచూసి
నీ కండ్లు కాయలు కాసినయే" అన్న,
నవ్విద్దామని.
ఆమె నవ్వలే.
నా కాళ్లమీది ఎండను కొంగుతోటి కప్పింది.
"కాయనీ," అన్నది,
"వచ్చే వాయిదాకు అవి చూపెడదాం."