చార్జీ డబ్బులు

మా ఊరి నది తలకిందులుగా పారుతుంది.
పైన ఇసుక, కింద నీళ్ళు.
గ్యాస్కోయిన్ వంతెన మీద నిలబడి చూస్తే
ఏడాదిలో చాలా రోజులు ఏరే కనిపించదు.
కార్నార్వన్‌లో పుట్టినవాడికి
కనబడనిదాన్ని నమ్మడం
వేరే నేర్పక్కర్లేదు.

అరవై తొమ్మిదిలో నాకు ఎనిమిదేళ్ళు.
ఊరి బయట ఎర్ర ఇసుక దిబ్బ మీద
ఆకాశానికి చెవి ఒగ్గిన పెద్ద పళ్ళెం.
డెనిస్ పెథరిక్ వాళ్ళ నాన్నకి అక్కడ రాత్రి డ్యూటీ.
పొద్దున్నే ఎర్రటి కళ్ళతో వచ్చి
రొట్టెకి వెన్న రాసుకుంటూ
"రాత్రి మా నెత్తి మీంచే వెళ్ళారు" అనేవాడు,
పక్కింటివాళ్ళు షికారెళ్ళినట్టు.

మిస్ హాల్డేన్ బోర్డు మీద రెండు వేలు అని రాసి
ఆ ఏటికి మీ వయసెంతో లెక్క కట్టమంది.
నాకు ముప్పై తొమ్మిది.
"అయితే నువ్వు సెలవులకి చంద్రుడి మీదికెళ్తావు" అంది,
హాజరు పిలిచినంత మామూలుగా.
ఆ సాయంత్రమే పాలపొడి డబ్బా మూతకి గాటు పెట్టి
చార్జీ డబ్బులు దాచడం మొదలెట్టాను.

అన్నీ రెండు సెంట్ల బిళ్ళలే,
మెడ చుట్టూ గొడుగు విప్పిన తొండ బొమ్మవి.
అరటి గెలకి సంచి తొడిగితే ఒక తొండ.
నాన్న, స్తిపాన్ వులెతిచ్, దల్మేషియా రాళ్ళలోంచి వచ్చినవాడు,
ఆకాశం కేసి చూసేది తుఫాను కోసమే.
"అక్కడ నీళ్ళున్నాయా?" అనడిగాడొకసారి.
లేవన్నాను.
"మరెందుకురా?" అన్నాడు.
అంటూనే జేబులోంచి ఇంకో తొండ తీసిచ్చాడు.

డెబ్భై ఐదులో స్టేషన్ మూసేశారు.
పెథరిక్ వాళ్ళ సామాను లారీ ఎక్కింది,
వాళ్ళ కుక్క ముందు సీటెక్కింది.
మళ్ళీ ఎప్పుడు వెళ్తారని
నేనడగలేదు, డెనిస్ చెప్పలేదు.
పెద్దవాళ్ళు కదా, అలిసిపోయారనుకున్నాను.
కాసేపు కూర్చుని లేస్తారనుకున్నాను.

తొంభై రెండులో తొండ బిళ్ళలు ఇక వాడొద్దన్నారు.
బ్యాంకులో ఇచ్చేయమన్నారు.
నేనివ్వలేదు.
ముప్పై తొమ్మిదికి ఇంకా ఎనిమిదేళ్ళుంది.

వచ్చింది.
రెండు వేలు పుట్టిన రాత్రి ఊరంతా జెట్టీ దగ్గరుంటే
డబ్బా చంకన పెట్టుకుని దిబ్బెక్కాను.
రాకెట్లు చాలానే లేచాయి,
తాటిచెట్టంత ఎత్తు.
పళ్ళెం చెవిలో గాలి హోరు.
మిస్ హాల్డేన్‌ని తిట్టబోయి మానేశాను.
ఆవిడ లెక్క తప్పలేదు, నా వయసు సరిగ్గా వచ్చింది.

ఇన్నేళ్ళూ మనుషులు వెళ్తూనే ఉన్నారంటారు.
నాలుగొందల కిలోమీటర్లు పైకి,
గుండ్రంగా తిరిగి, కిందికి.
నా అరటి లారీ పెర్త్ మార్కెట్టుకి తొమ్మిదొందలు పోతుంది,
వారానికి రెండుసార్లు.
డ్రైవర్ ఆర్చీకి ఎవడూ జెండా ఊపలేదు.
పైకెళ్ళిన యంత్రాలేమో కిందికే చూస్తాయి.
నా తోటలో ఏ మడికి తడి చాల్లేదో ఫోన్లో చెప్తాయి.
మేలే. కాదనను.
కానీ కష్టపడి చూరెక్కిన పిల్లాణ్ణి
మన మేక ఎక్కడుందో చూడరా అన్నట్టుంది.

మొన్న మనవరాలు టెగన్ డబ్బా కుమ్మరించింది.
"ఎప్పుడెళ్ళారు తాతా?"
మీ అమ్మ పుట్టకముందు.
"తరవాత?"

కథలన్నీ కంచికెళ్ళి మనల్ని ఇంటికి పంపిస్తాయి.
ఇది చంద్రుడి దాకా వెళ్ళి
నన్ను పాలడబ్బాతో నడిదారిలో నిలబెట్టింది.

జవాబు దొరక్క ఏట్లోకి తీసుకెళ్ళాను.
ఇద్దరం ఇసుక తవ్వాం, నా భుజం దాకా.
చల్లగా ఊరింది.
"ఉన్నాయి!" అని అరిచింది.
ఉన్నాయి.
పడవ తేలదు గాని, ఉన్నాయి.

అరటి ఆకుల వెనకనించి చంద్రుడు లేస్తున్నాడు.
అది అటు చూడలేదు.
తడిచేత్తో ఒక తొండని తీసి గుంటలో వేసింది.
ఎందుకని అడగలేదు నేను.

డబ్బాలో ఇంకా మూడొందల పన్నెండున్నాయి.