పెన్సిల్ రాత

జూన్ నెల కాగితం మీద
శరణు పేరు ఎదురుంగ
"పిలిస్తే పలుకడు" అని రాసిన.
పక్కన చిన్నగ "మొండి" అని గూడ.
పెన్సిల్‌తోనే. ఎందుకైనా మంచిదని.

నారాయణపేటల మా అంగన్‌వాడీకి
అవుతలి గోడ మగ్గమోళ్లది.
నాగప్ప గుంటల కూసోని నేస్తుంటే
దడేల్ దడేల్, మా గోడ సున్నం రాలుతది.

పిల్లలంత నన్ను చూసి ఏనుగు పాట పాడుతున్నరు.
వీడొక్కడు వెనకకు తిరిగి
గోడకు చెంప ఆనించి నవ్వుతున్నడు.
మగ్గం ఆగింది.
నవ్వు ఆగింది.
నాగప్ప బీడీకి లేచినట్టున్నడు.

మూడు దినాలు వాణ్నే చూసిన.
పొయ్యి మీద గుడ్లు పగిలిపోయినా
లేవకుండ చూసిన.

నాలుగో దినం
వాడు చేతులాన్చిన చెక్కబల్ల మీద
ఒక్కటి కొట్టిన.
తల ఎత్తిండు.
రెండు కొట్టిన.
రెండు వేళ్లు లేపిండు.

ఇప్పుడు హాజరు బల్ల మీదనే.
ఎవరి దెబ్బ వాళ్లకున్నది.
నఫీసాకు రెండు, గబగబ.
భీమేశుకు ఒకటి, గట్టిగ.
నోటితోటి పిలిస్తే నఫీసా పలుకుతనే లేదు,
"నా దెబ్బ కొట్టు టీచర్" అంటది.

సోమారం మహబూబ్‌నగర్ పోవాలె,
చెవుల డాక్టరు కాడికి.
వాళ్లమ్మ ఒక పూట కూలి ఇడిసి వస్తనన్నది.

రాత్రి కాగితం తీసి
"మొండి" తుడిచిన.
పూర్తిగ పోలేదు.
బుగ్గ కింద పట్టి చూస్తే
ఒత్తిన గీతలు కనబడుతనే ఉన్నయి.
ఉండనీ.
నా పేరు ఎదురుంగ రాయవలసిన మాట అది.