నూట పద్నాలుగో నంబరు పువ్వు

లక్ష్మివారం మధ్యాహ్నం పంటు దిగి వచ్చేది నీరద,
నరసాపురం రేవు నించి సఖినేటిపల్లి గట్టుకి,
ఉల్లిపాయల బస్తాల మధ్య,
వారపత్రిక ముప్పై ఏడో పేజీలో.

ఎస్తేరమ్మ గారి అరుగు మీద తొమ్మిదిమంది,
తొమ్మిది కొక్కెం సూదులు, తెల్లదారం ఉండలు.
చదువొచ్చింది నాకొక్కదానికే, ఏడో తరగతి దాకా.
చదివేదాని చేతులు ఖాళీ కదా,
నా వాటా పువ్వులు తలా ఒకటీ అల్లి
నా బుట్టలో పడేసేవారు.
‘ఇదేటి పాపా, ఒక్కోటీ ఒక్కో సైజు’
అని గొణిగేవాడు లేసు ఏజెంటు.

నీరదా చలపతీ మాటలు మానేసి
అప్పటికి పదకొండు వారాలు.
అంత రోషం ఏటే మగాడికి, అని తిట్టినవాళ్ళే
అతనికి జొరమని తెలిశాక
మిరియాల కషాయం ఎలా కాచాలో చెప్పారు,
అరుగు మీంచే, అతగాడు వింటాడన్నట్టు.
నూకరత్నం భీమవరం మావుళ్ళమ్మకి కొబ్బరికాయ మొక్కింది.
ఎస్తేరమ్మ ఆదివారం ప్రార్థనలో ఇద్దరి పేర్లూ చదివించింది.
‘ఏ సంఘం వాళ్ళమ్మా?’ అన్నారట పాస్టరు గారు.
‘మనవాళ్ళేనండీ, ఆయ్’ అందిట.

గోడ తగువుతో తోడికోడలితో
ఆరేళ్ళు మాట్లాడని పేరంటాలు,
కథలో కాత్యాయని వదిన
నీరదకి ముద్ద కలిపి నోటికందించినప్పుడు
ఏమీ అనలేదు.
సాయంత్రం ఆ గోడ మీంచి ఒక గిన్నె అవతలికెళ్ళింది.
ఏం కూరో ఎవరూ అడగలేదు.

ఆగస్టులో గోదారి ఎర్రబడింది.
పంటు కట్టేశారు.
లంకల్లో అరటి పోయిందని ఏడ్చి, ముక్కు చీది,
అదే నోటితో అన్నారు:
నీరద రైలెక్కి కూచుంది కదే,
కన్నపిల్లని దారిలో ఒదిలేసినట్టుంది,
చదవ్వే, ఏదో ఒకటి.

పాత సంచికే తెరిచాను.
కళ్ళు పోయిన వారం అక్షరాల మీద,
నోరు ముందుకి.
నీరద నిడదవోలులో దిగిపోయింది.
ప్లాట్‌ఫారం మీద చలపతి,
నెత్తిన తువ్వాలు, గడ్డం పెరిగి.
‘అన్నం తిన్నావా’ అన్నాడు.
అంతే అన్నాడు.

తొమ్మిది సూదులూ ఆగాయి.
మళ్ళీ కదిలినప్పుడు నూకరత్నం చేతిలో
అదివరకు లేని పువ్వు:
ఎనిమిది రేకులు, నడుమ రెండు చుట్లు
ఒకదాన్లో ఒకటి చిక్కుకుని.
నీరద పువ్వు అన్నాం.
ఏజెంటు పుస్తకంలో నూట పద్నాలుగు.
ఓడెక్కి ఏ దేశం బల్ల మీద పరుచుకుందో.

నీరు తీసింది.
తడివాసనతో రెండు వారాలవీ ఒకేసారి వచ్చాయి.
అందులో నీరద నిడదవోలులో దిగలేదు.
అరకాలమ్‌లో చంపేశాడు రాసినాయన,
బొమ్మతో సహా.

ఏం చెయ్యను?
దిగిపోయినదాన్ని మళ్ళీ రైలెక్కించలేను కదా.

ఇక అటు పేజీలో చలపతి తెల్లచొక్కాతో కుమిలిపోతుంటే
ఇటు నేను వాళ్ళింట్లో గుమ్మడికాయ పులుసు కాచాను,
పిల్లికి పేరు పెట్టాను,
నీరదకి నెల తప్పించాను.
‘బొమ్మ చూపించవే’ అంటే
‘ఈ వారం వెయ్యలేదు’ అనేదాన్ని.
రాత్రిళ్ళు భయమేసేది,
ఆ చచ్చిపోయిన నీరదకి నేనేమీ చెయ్యలేదని.

పదిహేడో వారం అనుకుంటా.
పేరంటాలు తల ఎత్తలేదు,
దారం వేలికి చుట్టుకుంటూ అంది:
‘పేజీ తిప్పవే పిల్లా.
ఇంతసేపు ఒక్క పేజీ ఎవరన్నా చదువుతారా?’

చూశాను.
ఎప్పుడు నేర్చుకుందో, ఎవరి దగ్గరో.
లేక నా వేలు కదలకపోవడం ఒక్కటే చదివిందో.
మిగతా ఎనిమిది సూదులూ ఆడుతూనే ఉన్నాయి,
మరీ నిదానంగా.

తిప్పాను.
అటుపక్క తలనొప్పి మాత్రల ప్రకటన.
గొంతు సర్దుకుని, ఆ మాత్రల మీంచి చదివాను:

నీరదకి ఏడో నెల వచ్చింది
(కథలో నెలలు మనకన్నా తొందర),
కాత్యాయని వదిన వీధిలోకొచ్చి
గాజుల మలారం వాణ్ణి కేకేసింది.