ఏడో నంబరు

గుంటూరు గాలి చుట్టుగుంట దగ్గర మలుపు తిరిగితే
మిర్చియార్డు ఘాటు మా ల్యాబు కిటికీకి కొడుతుంది.
మేం తుమ్ముతాం.
ఎలుకలకు తుమ్మే ఓపిక లేదు,
వాటి ఊపిరితిత్తుల్లో
నిన్ననే నేను చిచ్చు పెట్టాను.

ఇవాళ మందు.
గాజుపెట్టెలోకి మంచులా వదిలి
డొక్కల ఎగపోత లెక్కపెడుతున్నాను
నూట అరవై, నూట నలభై...
ఏడో నంబరు మూతి అద్దానికి ఆనించి
నన్ను కాదు, గాలినే చూస్తోంది.

"తగ్గిందా మేడం?"
నీళ్ళసీసాలు కడుగుతూ బాజీ.
వాళ్ళావిడ యార్డులో తొడిమలు తీస్తుంది,
రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోతుంది.
"దీనికి తగ్గింది" అన్నాను.

సాయంత్రం కోసి
తూకంలో పెట్టాలి.
ఊపిరితిత్తులు తేలిగ్గా ఉంటే మందు గెలిచినట్టు.

అది తెలిసే కాబోలు
బాజీ ఏడో పెట్టెలో
నాలుగు శనగలు ఎక్కువేశాడు.
నేను రాసుకోలేదు.