ముప్ఫై రెండో పేజీ

ఇరవై రెండేళ్లు ఎంవీపీ కాలనీ మెట్లెక్కి దిగిన మోకాలు
ఇక ఎక్కనంది.
గంప మూలన బోర్లించాను.
అప్పుడన్నాడు మా మేనల్లుడు ఢిల్లేసు,
"గంప దించేసావు గానీ అత్తా,
బుర్రలోది దించలేదు కదా. అది అమ్ముదాం."

బుర్రలో ఏముందిరా?
చేప కన్ను ఉబ్బుంటే ఈ రాత్రిది,
కుంగుంటే మొన్నటిది.
వేలితో నొక్కితే పడ్డ గుంట వెంటనే పూడాలి.
కోనెం ఒళ్ళు నిగనిగలాడాలి,
నెత్తళ్లని ముక్కే తేల్చాలి.
ఇది తెలియనోళ్లుంటారా?
"లోకమంతా వాళ్ళే అత్తా."

ఫిషింగ్ హార్బర్లో తెల్లారి నాలుగింటికి
వేలంపాట కేకల మధ్య
వాడు ఫోను పట్టుకున్నాడు, నేను మొప్ప ఎత్తాను.
మాట రాలేదు.
మూడో అంతస్తుకి వినపడేలా అరిచిన గొంతు
అరచేతిలో అద్దంముక్క ముందు ఎండిపోయింది.
చివరికి పదకొండు వీడియోలు, ముప్ఫై ఒక్క పేజీలు.
నేను చెప్తే వాడు కొట్టాడు,
"నాణ్యమైన మత్స్యం" అని వాడు కొట్టిన చోటల్లా
"పచ్చి చేప" అని దిద్దించాను.

ధర దగ్గర గొడవ.
నేను నలభై అన్నాను. వాడు నాలుగొందల తొంభై తొమ్మిది అన్నాడు.
చేపకైతే ధర పొద్దే చెబుతుంది:
ఆరింటికొకటి, పదింటికొకటి,
ఒంటిగంటకి ఎంతిస్తే అంత.
ఇది కుళ్ళదు. ఐసు అడగదు. ఈగ వాలదు.
కాటాలో పెడితే ముల్లు కదలదు.
ఎంతమందికి వేసినా గంపలో అంతే ఉంటుంది.
అలాంటిదానికి ఏ పొద్దు ధర కట్టేది?
రాత్రంతా లెక్కేశాను.
చెడ్డ చేప కొని పారబోసుకున్న ఇంటికి ఒక్కపూట నష్టమెంత?
రెండొందలు.
ఒక్క రూపాయి తగ్గించి పెట్టరా అన్నాను,
ఆ రూపాయి నా బేరం.

వారం రోజులు ఫోను మోగలేదు.
"డబ్బు కట్టి యాడ్ వేయాలత్తా" అన్నాడు.
కొసరు లేకుండా ఎవరు కొంటార్రా?
కొనకముందే కొసరు వేద్దాం.
మొప్ప రంగు చూసే ముక్క ఊరికే వదిలాం,
ఒకటిన్నర నిమిషం.
ఎల్లుండి మధ్యాహ్నం, నేను గిన్నెలు తోముతుంటే
ఆదిలాబాద్ నుంచి పోశెట్టి గారట,
నూట తొంభై తొమ్మిది.
సముద్రం లేని ఊరు నా మాట కొంది!
ఆ డబ్బు చేతికి అంటలేదు.
ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, నిజం,
ఏ వాసనా లేదు.

రెండ్రోజులకి ఆయనే రాశాడు:
"అమ్మా, మా దిక్కు బొచ్చె, రవ్వ, కొర్రమట్ట.
వాటి ముచ్చట ఇందులో లేదు."
డబ్బు తిరిగి పంపేశాను.
ఢిల్లేసు తల కొట్టుకున్నాడు.
మర్నాడే తాటిపూడి బస్సెక్కాను.
చెరువు చేప ముందు నేనూ కొత్త గిరాకీనే,
అడిగాను, నొక్కాను, తిట్లు తిన్నాను.
అది పన్నెండో వీడియో. పోశెట్టి గారికి ఊరికే.

ఇంతలో మా తోటికోడలు పైడితల్లి వచ్చింది,
గంప దించకుండానే:
"ఒంటిగంట సేపని ఐసులో తిప్పి అమ్ముకుని
గుంటల్ని సదివించినోళ్ళమే కదే మనం.
ఇప్పుడు ఊరందరికీ మొప్పలెత్తడం నేర్పితే
నాను ఎవులికి అమ్మాల?"
ఆ గంప అడుగున కవ్వళ్లు మెత్తబడుతున్నాయి.
కన్ను ముందే చూసేసింది.
నోరు మూసుకుంది.

ఆ రాత్రి ముప్ఫై రెండో పేజీ రాయించాను.
వీడియో లేదు, బొమ్మ లేదు.
"మొప్ప ఎత్తండి. నొక్కండి. వాసన చూడండి.
బాగోకపోతే కొనకండి.
బాగుంటే మాత్రం బేరమాడకండి.
ఆమె మూడింటికి లేచింది."

"దీంతో ఒక్కటీ ఎక్కువ అమ్ముడవదత్తా."
తెలుసురా, కొట్టు.

వారానికి పైడితల్లి మళ్ళీ వచ్చింది,
ఆకులో చుట్టిన పార ఒకటి గుమ్మంలో పెట్టింది.
ఎంతే? అన్నాను.
"నూట తొంబయ్ తొమ్మిది" అంది, నవ్వకుండా.
మొప్ప ఎత్తకుండా ఇచ్చేశాను.