రిమార్కుల గడి

నార్స్‌మన్ ఊరి చివర, మూతబడ్డ పెట్రోలు బంకు పక్కన
సిమెంటు దిమ్మెలో ఒక ఇత్తడి మేకు.
మా రోజు మొదలయ్యేది అక్కడ, ముగిసేదీ అక్కడే.
మేకు మీద పెట్టె పెట్టి మూడు నిమిషాలు
ఊపిరి అరువు తెచ్చుకున్నట్టు నిలబడతాం,
నేనూ, జీపు నడిపే నోలీనూ.

పెట్టెలో పెద్ద రహస్యమేం లేదు.
ఒక స్ప్రింగు, దానికి వేలాడే గురివిందంత బరువు.
కంసాలి త్రాసులో గురివింద మారదు, బంగారం మారుతుంది.
ఇక్కడా గురివింద మారదు;
తూకానికి వచ్చి కూర్చున్నది భూమి.
గురివిందకు తన కింది నలుపు తెలియదంటారు.
ఈ గురివిందకు
కింద ఏముందో తప్ప ఇంకేమీ తెలియదు.

గ్రానైటు మీద అది కాస్త తేలిక పడుతుంది.
పచ్చరాయి పట్టీ మీదికి రాగానే
ఎవరో కింద నుంచి కొంగు పట్టుకున్నట్టు
పది కోట్లలో ఏ వెయ్యో వంతులు బరువెక్కుతుంది.
పెట్టెను బెత్తెడు ఎత్తినా కనిపెడుతుంది.
చంద్రుడు నెత్తి మీదికి వచ్చినా కనిపెడుతుంది.
ఉప్పు పేరుకున్న ఈ ఎండు సరస్సులో
అల లేకపోయినా ఆయన పోటు ఆయనదే.

నోట్‌బుక్కులో చంద్రుడికొక గడి,
ఎత్తుకొకటి, స్ప్రింగు అలసటకొకటి.
చివరిది రిమార్కుల గడి. అది నోలీన్ రాస్తుంది.
"ఈగలు."
"గాలి, దక్షిణం."
"ఈము పక్షి, ఒకటి. పని చూసి వెళ్లింది."

చీకటి పడే వేళ ఒక ఉపగ్రహం దాటింది,
రెప్ప వేయని చుక్కలా.
"అది పడదేం?" అంది.
పడుతూనే ఉంది, అన్నాను.
రాయి విసిరితే వంపు తిరిగి పడుతుంది కదా,
ఆ వంపూ నేల వంపూ ఒకటయ్యేంత జోరుగా విసిరితే
రాయి పడటం మానదు,
నేలే ప్రతిసారీ కాస్త పక్కకు తప్పుకుంటుంది.

నోలీన్ రాయి తీసి విసిరింది.
ముప్పై గజాల అవతల ఉప్పు పొర చిట్లింది.
"ఇంకెంత జోరు?"
"సెకనుకు ఎనిమిది కిలోమీటర్లు."
"ఓహో. నెవిల్ లాగా."

నెవిల్ ఒకప్పుడు ఆమె మొగుడు.
పదకొండేళ్ల కింద పనిముట్ల పెట్టె ఒక్కటే పట్టుకుపోయాడు.
పెర్త్ నుంచి అడిలైడ్‌కు మూడు బోగీల లారీ తోలతాడు,
తొమ్మిది రోజులకోసారి ఈ ఊరి మీదుగానే.
దూరాన, చెట్టు లేని ఆ మైదానంలో తాపీగానే పోతాడట.
ఊరు దగ్గరయ్యే కొద్దీ జోరు పెంచుతాడు.
"భయం," అంది.

తోకచుక్క సూర్యుడి దగ్గర చేసేదీ అదే, అన్నాను.
దగ్గరైన కొద్దీ వేగం.
ఆ వేగమే మళ్లీ దూరంగా విసిరేస్తుంది.
"తోకచుక్కకు పోలీసులు ఫైన్ వేయరుగా," అంది.

ఇంకో మాట నోటి దాకా వచ్చి ఆగింది:
దూరం రెట్టింపైతే లాగుడు పావు వంతు,
మూడింతలైతే తొమ్మిదో వంతు,
అడిలైడ్ దాటినా, సముద్రం దాటినా
సున్నా అన్న చోటు లెక్కలో ఎక్కడా రాదు.
చెప్పలేదు. జీపు తాళాలు ఆమె దగ్గరున్నాయి.

గురువారం ముగింపు రీడింగు.
అంకె నిలబడుతోంది, నిలబడింది, అనుకునేలోపు
చప్పుడు కన్నా ముందు దిమ్మె వణికింది.
నోలీన్ తలెత్తలేదు.
రెండు పొట్టి హారన్లు. ఎర్ర దుమ్ము.
అంకెలన్నీ చెదిరిన చీమల్లా పరుగెత్తాయి.
స్ప్రింగు కుదుటపడటానికి ఏడు నిమిషాలు పట్టింది.
స్ప్రింగు సంగతే చెబుతున్నాను.

పొద్దుటి అంకెతో కలవలేదు.
చంద్రుణ్ని తీసేశాను, ఎత్తు తీసేశాను, అలసట తీసేశాను.
అయినా గోటి మీద మచ్చంత మిగిలింది.
లెక్క మళ్లీ చేశాను. అంతే మిగిలింది.

రాత్రి మోటెల్ గదిలో నోట్‌బుక్కు తెరిచాను.
రిమార్కుల గడిలో "లారీ" అని రాసి, కొట్టేసి,
కింద గడిలోకి ఒలికేలా రాసింది:
"వాహనం. తూర్పుకు. ఒక బ్రేక్ లైటు వెలగడం లేదు.
ఎవరైనా చెబితే బాగుండు."